తోటల దారిలో ఆగిపోయిన టపా: ఒక కేసు పూర్వాపరాలు

అనంతపురం జిల్లాలో 44వ నంబరు జాతీయ రహదారి దిగి కొంత దూరం లోపలికి పోతే చీనీ (బత్తాయి) తోటల మధ్య ఒక మట్టి దారి వస్తుంది. దాని వెంబడి ఇరవైకి లోపే ఇళ్లు. బోరు, డ్రిప్పు చూసుకోవడానికని ఊర్లో ఇల్లు వదిలి తోటలోనే కాపురం పెట్టినవాళ్లు కొందరు, అన్నదమ్ముల భాగపరిష్కారాల తర్వాత అక్కడే గదులు కట్టుకున్నవాళ్లు కొందరు. ఆ దారి పంచాయతీది కాదు, ఆర్ అండ్ బీది కాదు. మొదటి తోట యజమాని పట్టా భూమిలోంచి పోతుంది. మొదట్లోనే ఇనుప గేటు.

ఆ ఇళ్లకు ఏళ్ల తరబడి ఉత్తరాలు సరిగా అందేవి కావు. నేను తపాలా శాఖలో సబ్ డివిజన్ ఇన్‌స్పెక్టరుగా చేసి రిటైరయ్యాను. ఇప్పుడు ఇలాంటి వాటికి అర్జీలు రాసిపెట్టడం, కాగితాలు చూసిపెట్టడం చేస్తుంటాను. మనుషుల పేర్లు, ఊర్ల పేర్లు, ఆఫీసుల పేర్లు ఇక్కడ రాయడం లేదు. తోటకు ఆనుకుని వంక (వాగు) అవతల ఉన్నదాన్ని తూర్పు ఊరు అంటాను, దారి వెళ్లి తారు రోడ్డులో కలిసేచోట ఉన్నదాన్ని పడమటి ఊరు అంటాను.

చెక్కుతో బయటపడింది

నా దగ్గరికి వచ్చినాయన ఎరువుల కొట్టుకు చెక్కు ఇచ్చాడు, అది బౌన్స్ అయింది. కొట్టాయన లాయరు రిజిస్టర్ పోస్టులో నోటీసు పంపాడు. అది ఈయనకు చేరలేదు. కొన్ని నెలలకు కానిస్టేబుల్ బైకు మీద తోటలోకి వచ్చి కోర్టు సమన్లు ఇచ్చి పోయాడు. "పోలీసోళ్లకు తెలిసిన ఇల్లు పోస్టోళ్లకు తెలీదంటే ఎట్ల సార్?" అన్నది ఆయన మొదటి మాట.

ఇక్కడ చట్టం కొంచెం చెప్పాలి, ఎందుకంటే ఉత్తరం అందకపోతే నష్టపోయేది పంపినవాడు కాదు. నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం సెక్షన్ 138 ప్రకారం చెక్కు తిరిగొచ్చినట్టు బ్యాంకు నుంచి తెలిసిన 30 రోజుల్లోగా నోటీసు ఇవ్వాలి. నోటీసు అందిన 15 రోజుల్లోగా డబ్బు కట్టేస్తే కేసు ఉండదు. మరి నోటీసు తిరిగిపోతే? జనరల్ క్లాజెస్ చట్టం, 1897 సెక్షన్ 27 ప్రకారం సరైన చిరునామా రాసి, స్టాంపు ఖర్చు కట్టి రిజిస్టర్ పోస్టులో పంపితే, కాదని రుజువయ్యేదాకా అది అందినట్టే లెక్క. సి.సి. అలవి హాజీ కేసులో 2007లో సుప్రీంకోర్టు ఈ మాటే చెప్పి, నోటీసు నిజంగా అందనివాడికి ఒక దారి కూడా చూపించింది. సమన్లు చేతికొచ్చిన 15 రోజుల్లోగా చెక్కు మొత్తం కట్టి, కేసు కొట్టేయమని కోర్టును అడగొచ్చు. లాయరుతో మాట్లాడుకుని ఈయన ఆ పనే చేశాడు. కట్టగలిగాడు కాబట్టి సరిపోయింది. చేతిలో డబ్బు లేనివాడికి ఆ పదిహేను రోజులు ఒట్టి టెన్షనే.

ఈ విషయం పది మందిలో పడేసరికి ఒక్కొక్కరూ తమది బయటపెట్టారు. ఏటీఎం కార్డు బ్యాంకుకే తిరిగిపోయిందని ఒకరు, ఎల్‌ఐసీ బాండు కోసం ఆఫీసు చుట్టూ తిరిగానని ఒకరు. గల్ఫ్‌కు పోవాల్సిన ఒక పిల్లవాడి పాస్‌పోర్టు వెనక్కి పోయింది. పాస్‌పోర్టు స్పీడ్ పోస్టులోనే వస్తుంది, దరఖాస్తుదారుడి చేతికే ఇవ్వాలి, పక్కింట్లో ఇచ్చి పోవడానికి లేదు. అందరూ కలిసి పోర్టల్‌లో పెద్ద కంప్లైంట్ పెడదామన్నారు. నేను వద్దన్నాను. కంప్లైంట్ పెట్టిన మరుక్షణం బ్రాంచి పోస్టుమాస్టరు నుంచి సంజాయిషీ అడుగుతారు. ఆయన గేటు తాళం గురించి రాసిస్తాడు. ఆ జవాబుతో ఫైలు మూతపడుతుంది. ఉత్తరం ఎక్కడ ఆగుతోందో తెలియకుండా ఎవరి మీద రాసినా అంతే.

కవరు వెనక్కి తిప్పి చూస్తే

పోస్టుమ్యాన్‌కు బద్ధకమని తోటలవాళ్లు, గేటని పోస్టాఫీసువాళ్లు, తన గేటుకూ వాళ్ల ఉత్తరాలకూ సంబంధమేంటని యజమాని. ఎవరి వాదన వారిది. నేను మాత్రం తిరిగిపోయిన కవర్లు తెప్పించమన్నాను. లాయరు నోటీసు కవరు కోర్టు కాగితాల్లోనే ఉంది. బ్యాంకు కవరు ఒకటి ఆ బ్యాంకు బ్రాంచిలోనే దొరికింది. స్పీడ్ పోస్టు నంబర్లు ఉన్నవాటికి ట్రాకింగ్ తీశాం.

బ్యాంకు కవరు మీద ముందువైపు తూర్పు ఊరి పేరు, మండలం, జిల్లా. కింద పిన్ మాత్రం పడమటి ఊరిది. వెనక్కి తిప్పితే ముందు పడమటి వైపు సబ్ పోస్టాఫీసు తేదీ ముద్ర, దాని మీద అడ్డంగా "మిస్సెంట్" అని, అంటే తప్పు ఆఫీసుకు వచ్చిందని. రెండు రోజుల తర్వాత తూర్పు వైపు సబ్ పోస్టాఫీసు ముద్ర. ఆ కింద బాల్ పెన్నుతో "ఇన్‌సఫిషియంట్ అడ్రస్", పొట్టి సంతకం. ఒకే కవరు రెండు ఆఫీసులు తిరిగి, మూడో చోట చేతులెత్తేసింది. ఇంటి దాకా వచ్చే ప్రయత్నం ఎవరూ చేయలేదు, ఎందుకంటే ఏ ఇంటికి రావాలో దాని మీద రాసి లేదు.

లాయరు కవరు వేరే రకం. దాని మీద "డోర్ లాక్డ్" అని ఉంది. ఆ ఇంటికి పగలు తలుపు వేయడమన్నది లేదు, ఎవరో ఒకరు ఉంటారు. తాళం ఉన్నది దారి మొదట్లోని గేటుకు. గేటు దగ్గర ఆగి రాసిన ముక్క అది. కోర్టులో మాత్రం "డోర్ లాక్డ్" అంటే ఇంటికి పోయి చూశారనే అర్థం, నోటీసు అందినట్టే లెక్క. ఆ రెండు మాటలు ఎంత దూరం పోతాయో రాసినవాడికి తెలిసి ఉండదు. బ్రాంచి ఆఫీసులకు పోయినప్పుడల్లా నేను ఇదే చెప్పేవాణ్ణి: గేటు దగ్గర ఆగితే గేటు దగ్గర ఆగామనే రాయండి.

పిన్ సంగతి చాలామందికి సగమే తెలుసు. 1972 ఆగస్టు 15న వచ్చింది, ఆరంకెలు. మొదటి మూడూ కలిపితే సార్టింగ్ జిల్లా: అనంతపురానికి 515, కడపకు 516, కర్నూలుకు 518. చివరి మూడూ డెలివరీ చేసే పోస్టాఫీసును చెబుతాయి, ఊరిని కాదు. ఒక సబ్ పోస్టాఫీసు కింద ఉన్న బ్రాంచి ఆఫీసులన్నింటికీ ఒకటే పిన్. అంటే సార్టింగ్‌లో ఉత్తరం ఎటు పోవాలో ఊరి పేరు కంటే ముందు పిన్ తేల్చేస్తుంది. మన జిల్లాల్లో కొత్తపల్లి, రామాపురం లాంటి పేర్లు ఎన్నేసి ఉన్నాయో చూస్తే అలా ఎందుకు పెట్టారో అర్థమవుతుంది. ఊరు ఒకటి రాసి, పిన్ ఇంకొకటి రాస్తే కవరు రెండు ఆఫీసుల మధ్య తిరుగుతూనే ఉంటుంది.

తోటలవాళ్లలో సగం మంది ఆధార్‌లో పడమటి పిన్ ఉంది, ఆధార్ సెంటరు ఆ ఊర్లో ఉండేది కాబట్టి. ఇంటి పన్ను, రేషన్ కార్డు, పొలం పాస్‌బుక్కు తూర్పు ఊరివి, ఎందుకంటే రెవెన్యూ గ్రామం అదే. బ్యాంకు ఆధార్ చూసి పిన్ ఎక్కించుకుంది, పాస్‌బుక్కు చూసి ఊరి పేరు రాసుకుంది. ఇందులో ఎవరి తప్పూ వేలెత్తి చూపేలా లేదు. కలిపి చూస్తే మాత్రం ఆ చిరునామాలో ఏ ఇల్లూ లేదు.

ఇక బ్రాంచి ఆఫీసుల వైపు. ఒక బ్రాంచి పోస్టుమాస్టరు, ఒక అసిస్టెంటు. అందరూ బీపీఎం, ఏబీపీఎం అంటారు. ఇద్దరూ గ్రామీణ డాక్ సేవకులే, రోజుకు నాలుగైదు గంటల ఉద్యోగం. ఆ గంటల్లోనే సబ్ ఆఫీసు నుంచి బ్యాగు తేవాలి, విప్పాలి, పంచాలి, సేవింగ్స్ ఖాతాలు చూడాలి, పోస్టల్ బ్యాంకు పనులు చేయాలి. తూర్పు ఊరి ఏబీపీఎం తోటలకు పోవాలంటే వంక దాటాలి. వాన పడితే వంక దాటలేడు, చుట్టూ తిరిగి పడమటి ఊరి మీదుగా ప్రైవేటు దారిలోకి రావాలి. పడమటి ఊరి ఏబీపీఎంకు ఆ దారి మొదలు బండి మీద అయిదు నిమిషాలు, కానీ తోటలు ఆయన ఊళ్ల జాబితాలో లేవు. తూర్పు ఆఫీసు జాబితాలో ఊరి పేరు ఉంది గానీ శివారు తోటల పేరు లేదు. రెండు జాబితాల మధ్య ఆ ఇళ్లన్నీ జారిపోయాయి.

పడమటి ఏబీపీఎం చెప్పింది కూడా న్యాయమే. "ఏడ ఇయ్యాల సార్? గేటుకు తాళం, లోపల రెండు కుక్కలు. ఫోన్ నంబర్ ఉంటే చేస్తా, లేకుంటే ఏం చేసేది?" ఆయన కాలి మీద పాత కాటు మచ్చ చూపించాడు. కుక్కలది చిన్న విషయమని అనుకునేవాళ్లు ఒక్కరోజు బీట్ తిరిగి చూడాలి.

ఊహలతో పని జరగదు కాబట్టి టెస్ట్ లెటర్లు వేశాం. డిపార్ట్‌మెంట్‌లో ఉన్నప్పుడు డెలివరీ తనిఖీకి మేం చేసే పనే ఇది. ఒకే ఇంటికి మామూలు కవర్లు, చిరునామా ఒక్కో దాని మీద ఒక్కో రకంగా. తూర్పు ఊరు, తూర్పు పిన్ రాసినవి బ్రాంచి ఆఫీసుకు చేరి, ఇంటివాళ్లెవరైనా ఊర్లోకి వచ్చేదాకా అక్కడే ఉన్నాయి. రెండూ కలగలిపినవి ఆలస్యంగా చేరాయి, కొన్ని పత్తా లేవు. పడమటి పోస్టు, పడమటి పిన్, తోట యజమాని పేరు, ఫోన్ నంబరు రాసినవి త్వరగా గేటు దాకా వచ్చాయి. గేటు మీద గుచ్చి పోయాడు, అంతే. దాంతో రెండు సంగతులు తేలాయి. టపా పడమటి నుంచే రావాలి. గేటు సంగతి తేలాలి.

గేటు యజమాని

ఈ కేసులో ఎక్కువ కాలం పట్టింది ఇక్కడే. గేటాయన పెద్దమనిషి, డెబ్బై దాటిన వయసు. తాళం వేయడానికి ఆయన కారణాలు ఆయనకున్నాయి. జీవాలు దూరి చెట్లు కొరికేవి. ఒకసారి ట్రాన్స్‌ఫార్మరులో రాగి తీగ కోసుకుపోయారు, మోటారు కేబుల్ రెండుసార్లు పోయింది. ఈ వైపు తోటలున్న ఎవర్ని అడిగినా ఇదే చెబుతారు. పక్క తోటలవాళ్లందరికీ తాళం చెవి ఇచ్చాడు కూడా. పోస్టాయనకు ఎందుకివ్వడన్నది ప్రశ్న.

ఆయన మనసులో ఉన్న అసలు భయం వేరు. చాలాసేపు చీనీ ధరల గురించి మాట్లాడాక బయటపడింది. "ఈరోజు పోస్టోడు వస్తాడు సామీ, రేపు ఇంటి నంబర్లేస్తారు, ఎల్లుండి పంచాయతీ సిమెంటు రోడ్డంటారు. నా భూమి నాది కాకుండా పోతాది." నవ్వేసి తోసేయాల్సిన భయం కాదది. మన పల్లెల్లో వాడుక దారులు అలాగే రస్తాలయ్యాయి.

అందుకని ఆయనకు ఇండియన్ ఈజ్‌మెంట్స్ చట్టం, 1882 తీసి చూపించాను. సెక్షన్ 15 ప్రకారం ఒకరి భూమిలోంచి దారి హక్కు వాడుక వల్ల పుట్టాలంటే 20 ఏళ్లు అడ్డు లేకుండా, బహిరంగంగా, హక్కుగా నడవాలి. యజమానితో చేసుకున్న ఒప్పందం ప్రకారం, ఆయన ఇచ్చిన అనుమతితో నడిస్తే అది హక్కుగా నడిచినట్టు కాదు. అంటే నోరు మూసుకుని ఊరుకోవడం కంటే "నేనే అనుమతిచ్చాను" అని కాగితం రాసిపెట్టుకోవడమే ఆయనకు రక్ష. ఈ మాట ఆయనకు నచ్చింది. కొడుకు బెంగళూరులో ఉద్యోగి, ఫోన్లో చదివి వినిపించమన్నాడు. వినిపించాం. లాయరుకు కూడా ఒకసారి చూపించి, అప్పుడు సంతకం పెట్టాడు.

ఆ కాగితం ఒకటే పేజీ. తపాలా సిబ్బంది ఉత్తరాలు పంచడం కోసం పగటిపూట ఈ దారి వాడుకోవడానికి అనుమతిస్తున్నాను, ఇది అనుమతి మాత్రమే, ఎవరికీ దారి హక్కు ఇచ్చినట్టు కాదు, నేను రాతపూర్వకంగా వెనక్కి తీసుకునేదాకా అమల్లో ఉంటుంది అని దాని సారాంశం. తోటలవాళ్లకు అసలు ఆ దారిలో ఎంత హక్కు ఉందన్నది వాళ్ల రిజిస్ట్రేషన్ దస్తావేజుల్లో తేలాల్సిన విషయం. ఒకరిద్దరు ఇదే సందులో దాన్నీ తేల్చేద్దామన్నారు. ఒప్పుకోలేదు. దారి తగాదా ఒకసారి ఈ ఫైల్లోకి వచ్చిందంటే ఉత్తరాల పని కోర్టు వాయిదాల వెనక్కి పోతుంది.

చిరునామా కట్టడం

తూర్పు ఊరి పంచాయతీ సెక్రటరీ దగ్గర ఇంటి పన్ను రికార్డు తీస్తే తోటల ఇళ్లలో కొన్నింటికి అసెస్‌మెంట్ నంబర్లు అప్పటికే ఉన్నాయి, గోడ మీద మాత్రం ఎక్కడా లేవు. లేనివాళ్లు అర్జీ పెట్టుకుని తీసుకున్నారు. నంబరు ఉన్న రేకు ప్రతి ఇంటి ముందు కొట్టించాం. తోటల సముదాయానికి ఒక పేరు కావాలన్నప్పుడు మాత్రం పంచాయితీ నడిచింది. ప్రతి ఇంటివాళ్లకూ వాళ్ల తాత పేరే పెట్టాలని ఉంది. చివరికి వంక పేరు మీద తోటలు అని ఖాయం చేశారు, ఎవరూ కాదనలేక.

పిన్ మార్చుకోమన్నప్పుడు ఆడవాళ్ల నుంచి గట్టిగా అభ్యంతరం వచ్చింది. ఆధార్‌లో పడమటి పోస్టు పెడితే తూర్పు ఊరి సచివాలయంలో పేరు పోతుందేమో, పింఛను ఆగుతుందేమో అని. 2019 అక్టోబరు 2న గ్రామ సచివాలయాలు వచ్చినప్పటి నుంచి ఇంటి మ్యాపింగ్, అంటే ఏ ఇల్లు ఏ సచివాలయం కింద ఉందన్న నమోదు, ఎంత ముఖ్యమైపోయిందో తెలిసినవాళ్లెవరూ ఈ భయాన్ని తీసిపారేయరు. ఆధార్ చిరునామాలో ఊరికి ఒక గడి, పోస్టాఫీసుకు ఒక గడి వేరువేరుగా ఉంటాయి. ఊరు, మండలం తూర్పువే ఉంచి, పోస్టు, పిన్ మాత్రం పడమటివి పెట్టించాం. సచివాలయంలో డిజిటల్ అసిస్టెంటు మ్యాపింగ్ కదలలేదని స్క్రీన్ మీద చూపించాకే మిగతావాళ్లు ముందుకొచ్చారు. తర్వాత బ్యాంకు, పాన్, ఎల్‌ఐసీ. బ్యాంకులో పాత చిరునామా ఉండిపోతే పడిన పాట్లన్నీ దండగే.

డిజిపిన్ గురించి కుర్రాళ్లు అడిగారు. తపాలా శాఖ, ఐఐటీ హైదరాబాద్, ఇస్రో వాళ్ల ఎన్‌ఆర్‌ఎస్‌సీ (నేషనల్ రిమోట్ సెన్సింగ్ సెంటర్) కలిసి చేసింది, 2025లో విడుదలైంది. దేశమంతా సుమారు 4 మీటర్ల గడులుగా విడగొట్టి ఒక్కో గడికి పదక్షరాల కోడ్ ఇస్తుంది. ప్రతి ఇంటికీ తీసిపెట్టుకోమన్నాను. హైవే మీద హోటల్ దగ్గరే పార్సిల్ పడేసి పోయే కొరియర్ పిల్లలకు, అంబులెన్సుకు పనికొస్తుంది. కానీ అది పిన్‌కు బదులు కాదు. సార్టింగ్ ఇప్పటికీ పిన్ మీదే. ఏబీపీఎంకు పదక్షరాల కోడ్ కంటే గోడ మీద కనబడే నంబరే తొందరగా అర్థమవుతుంది.

అప్పుడు అర్జీ రాశాం, డివిజన్ సూపరింటెండెంటుకు, సబ్ డివిజన్ ఇన్‌స్పెక్టరు ద్వారా. కోరింది ఒక్కటే: ఫలానా తోటల డెలివరీని తూర్పు బ్రాంచి నుంచి పడమటి బ్రాంచికి మార్చి, రెండు చోట్లా ఊళ్ల జాబితా సవరించండి. జతచేసినవి ఇంటి నంబర్లు, ఫోన్ నంబర్లతో జాబితా, చేత్తో గీసిన దారి పటం, గేటు యజమాని అనుమతి పత్రం, రెండు కవర్ల వెనకవైపు జిరాక్సులు. ఎవరి మీదా ఫిర్యాదు లేదు. బ్రాంచి ఆఫీసుల పని చూసే మెయిల్ ఓవర్‌సీర్ వచ్చి దారి చూసి పోయాడు. మార్పు ఉత్తర్వు వచ్చింది. రాకపోయుంటే తపాలా ఫిర్యాదులు వినడానికి మూడు నెలలకోసారి జరిపే డాక్ అదాలత్‌లో పెట్టేవాళ్లం, అక్కడా కాకపోతే కర్నూలు రీజియన్ పోస్టుమాస్టర్ జనరల్ ఆఫీసు ఉంది. పోయిన పాస్‌పోర్టుకు, కార్డులకు పరిహారం అడగొచ్చా అని ఒకాయన పట్టుబట్టాడు. 1898 నాటి పోస్టాఫీసు చట్టంలోనే ఆలస్యానికి, తప్పు డెలివరీకి శాఖ మీద బాధ్యత చాలా తక్కువ. 2024 జూన్ 18 నుంచి అమల్లోకి వచ్చిన పోస్టాఫీసు చట్టం, 2023లోనూ ఆ రక్షణ అలాగే ఉంది. అందుకే ఆ వైపు పోనివ్వలేదు.

పెట్టెలు, సంతకాలు

గేటు పక్కన తాడిపత్రి బండలు రెండు నిలబెట్టి, పైన ఒకటి పరిచి, లోపల రేకు పెట్టెల వరుస పెట్టారు. ఇంటికొకటి, నంబరు పెయింటుతో, చిన్న తాళం. వానకు తడవకుండా బండ ముందుకు జానెడు వచ్చేలా పెట్టించమన్నది మేస్త్రీ ఆలోచన. మామూలు ఉత్తరాలు వాటిల్లో పడతాయి. ఏబీపీఎం రోజూ దారి చివరిదాకా పోనక్కర్లేదు, కుక్కల గొడవ లేదు.

సంతకం తీసుకోవాల్సినవి పెట్టెలో వేయకూడదు. రిజిస్టర్ పోస్టును 2025లో స్పీడ్ పోస్టులో కలిపేశారు, అయినా కోర్టు, బ్యాంకు కాగితాలకు సంతకం సంతకమే. వాటికి గేటు దగ్గర నుంచి ఫోన్ చేయాలి, ఎవరూ లేకపోతే మర్నాడు మళ్లీ తేవాలి. ఇంటి పెద్ద లేనప్పుడు ఎవరు తీసుకోవచ్చో రాతపూర్వకంగా బ్రాంచి ఆఫీసులో ఇచ్చిపెట్టారు. తాళం చెవి ఒకటి ఏబీపీఎం దగ్గర ఉంది. ముసలివాళ్లకు, పాస్‌పోర్టు లాంటి వాటికి ఆయన లోపలికి పోతాడు.

ఇప్పుడు చాలావరకు అందుతున్నాయి. ఏబీపీఎం సెలవు పెట్టినప్పుడు వచ్చే బదిలీ మనిషికి పెట్టెల సంగతి తెలియక ఒకసారి మొత్తం కట్టను టీ కొట్లో ఇచ్చిపోయాడు. అందుకని జాబితా, పటం జిరాక్సు బ్రాంచి ఆఫీసు గోడకు అంటించమని బీపీఎంను అడిగాం, అంటించాడు. ఒక్క ఇల్లు మాత్రం తూర్పు పిన్ వదలనంది. ఆ ఇంటి అత్తగారికి పడమటి ఊరితో పాత పట్టింపులున్నాయి, అందులోకి మనం పోలేం. వాళ్ల ఉత్తరాలు ఇప్పటికీ వంక అవతల బ్రాంచిలోనే దిగుతాయి. కోడలు సంతకి పోయినప్పుడు తెచ్చుకుంటుంది.